మూడో ప్రతి

మా బాబాయి పద్దెనిమిదేళ్ళు సైన్యంలో పనిచేశాడు. ఆ పద్దెనిమిదేళ్ళలో శత్రువు మీద ఒక్క తూటా పేల్చే అవసరం కూడా ఆయనకు రాలేదు. ఆయన పని స్టోరులో: దుప్పట్లు, బూట్లు, స్వెట్టర్లు, కిరోసిన్ డబ్బాలు, వాటి లెడ్జర్లు. యూనిట్‌లో ఎవరైనా జవాను చనిపోతే అతని సొంత వస్తువులకు జాబితా రాయడానికి ముగ్గురిని కూర్చోబెట్టేవారట. దస్తూరీ బాగుంటుందని ఆ ముగ్గురిలో ఈయన్ని తరచుగా వేసేవారు. ట్రంకుపెట్టె తాళం తీసి, ఒక్కొక్క వస్తువునూ బల్ల మీద పెట్టి, ఒకరు పైకి చెబుతుంటే ఈయన రాసేవాడు. గడ్డం గీసుకునే సామాను, ఒక సెట్టు. చేతిగడియారం ఒకటి, నడుస్తున్నది. ఉన్ని మఫ్లరు ఒకటి. ఉత్తరాల కట్ట ఒకటి. సగం రాసిన ఉత్తరం ఒకటి.

"సగం రాసిందని కూడా రాయాలా బాబాయ్?" అని అడిగాను.

"ఉన్నది ఉన్నట్టు రాయాలి నాన్నా. మిగతా సగం ఏదని రేపు వాళ్ళమ్మ అడిగితే ఎవరు చెప్తారు?" అన్నాడు.

ఆ జాబితాకు రెండు ప్రతులు తీసేవారు. ఒకటి పెట్టెతోపాటు ఇంటికి వెళ్ళేది, ఇంకొకటి ఫైలులో ఉండేది.

యూనిఫాం వేసుకోనివాడికి యుద్ధం ప్రకటించే హక్కెక్కడిది, దేశాన్ని ఏలాలనుకునే ప్రతి మనిషీ ముందు కొన్నాళ్ళు సైన్యంలో పనిచేసి రావాలని చట్టం చేయాలి అనే మాట విన్నప్పుడల్లా నాకు ఆ జాబితా గుర్తుకు వస్తుంది. ఒకప్పుడు ఆ మాటను నేను కూడా గట్టిగా సమర్థించాను. గట్టున కూర్చుని లోతు గురించి మాట్లాడేవాళ్ళ మీద నాకున్న కోపం ఇప్పటికీ తగ్గలేదు. తన పిల్లలెవరూ సరిహద్దు దరిదాపుల్లో లేరన్న ధీమాతో, చప్పట్లు పడే చోటు చూసుకుని, ఏమాత్రం తడబడకుండా యుద్ధం మాట ఎత్తే నాయకులు అన్ని దేశాల్లోనూ ఉన్నారు. ఆ కోపం న్యాయమైనదే. అయితే దానికి విరుగుడుగా సైనిక సేవను పదవికి అర్హతగా పెట్టడం పనికిరాదని, పైగా ప్రమాదకరమని, కొన్నేళ్ళుగా చదివినదాన్నిబట్టీ ఆలోచించినదాన్నిబట్టీ ఒక నిర్ణయానికి వచ్చాను.

ముందుగా ఆ వాదనలోని బలాన్ని ఒప్పుకోవాలి. యుద్ధాన్ని దగ్గర నుంచి చూసినవాడికి దాని ఖరీదు తెలుస్తుందన్నది ఒక బలమైతే, సేనాపతులు చెప్పే అంకెల్లో ఏది గట్టిదో ఏది గాలిదో పసిగట్టగలడన్నది అంతకంటే పెద్ద బలం. 1954లో వియత్నాంలోని డియెన్ బియెన్ ఫూ దగ్గర ఫ్రెంచి సేనలు ముట్టడిలో చిక్కుకున్నప్పుడు అమెరికా వాయుదాడులకు దిగాలని ఆ దేశ త్రివిధ దళాధిపతుల మండలికి అధ్యక్షుడైన అడ్మిరల్ రాడ్‌ఫర్డ్ వాదించాడు. పదాతి దళాధిపతి రిడ్జ్‌వే వద్దే వద్దన్నాడు. ఆ సమయంలో దేశాధ్యక్షుడి కుర్చీలో ఉన్నది ఐసెన్‌హోవర్, పదేళ్ళ కిందట నార్మండీ తీరంలో ఒక్కరోజులో లక్షన్నర మందికి పైగా సైనికులను దింపిన మనిషి. ఇద్దరు సేనాపతుల్లో ఎవరి మాటను ఎంత తూకం వేయాలో ఆయనకు మరొకరు చెప్పనక్కరలేదు. కాంగ్రెస్ సమ్మతీ మిత్రదేశాల తోడూ లేకుండా అడుగు వేయనన్నాడు, అవి రాలేదు, అమెరికా దిగలేదు. 1961 జనవరి 17న పదవి నుంచి దిగిపోతూ, సైన్యమూ ఆయుధ పరిశ్రమా కలిసి ప్రభుత్వం మీద సంపాదించుకునే పలుకుబడి గురించి దేశాన్ని హెచ్చరించింది కూడా ఆ పాత సేనాపతే. ఆ హెచ్చరికను సైనికుడు కాని అధ్యక్షుడెవరైనా చేసి ఉంటే, దేశభక్తి లేనివాడని కొట్టిపారేసేవారేమో. ఐసెన్‌హోవర్ లాంటి మనిషి దొరికినప్పుడు ఓటరు ఆయన సైనిక జీవితాన్ని ఒక గొప్ప గుణంగా లెక్కలోకి తీసుకుంటే నాకే అభ్యంతరమూ లేదు. ఓటరు తూకం వేసుకునే గుణం ఒకటి, అది లేనివాడు పోటీకే రాకూడదనే చట్టం మరొకటి. ఈ రెండింటినీ ఒకే గాట కట్టడం దగ్గరే నా తగాదా మొదలవుతుంది.

ఆ చట్టానికి చరిత్రలో దొరికే నిక్కచ్చి పరీక్ష అదే అమెరికాలో, ఐసెన్‌హోవర్‌కు దాదాపు శతాబ్దం ముందు జరిగింది. 1861లో దేశం రెండుగా చీలి అంతర్యుద్ధంలోకి దిగినప్పుడు రెండు పక్షాలకూ ఇద్దరు అధ్యక్షులున్నారు. దక్షిణాదికి నాయకుడైన జెఫర్సన్ డేవిస్‌కు సైనిక అర్హతల్లో ఎవరూ వంక పెట్టలేరు: 1828లో వెస్ట్ పాయింట్ సైనిక విద్యాలయం నుంచి పట్టా, మెక్సికో యుద్ధంలో పటాలానికి కల్నల్, 1847లో బ్యూనా విస్టా రణరంగంలో గాయం, 1853 నుంచి 1857 దాకా దేశ యుద్ధ మంత్రి పదవి. ఉత్తరాదికి అధ్యక్షుడైన అబ్రహాం లింకన్ 1832లో ఇల్లినాయ్ వాలంటీర్లలో చేరి, మూడు నెలలైనా నిండకుండా, ఒక్క పోరాటమైనా చూడకుండా తిరిగివచ్చిన ప్లీడరు. సైనిక సేవే కొలబద్ద అయితే ఆ రోజు ఇద్దరిలో ఎవరిని ఎంచుకోవాలో క్షణమైనా ఆలోచించనక్కరలేదు.

లింకన్ ఏం చేశాడో దగ్గరగా చూడటం అవసరం. తనకు తెలియదని ఆయనకు తెలుసు. కాంగ్రెస్ గ్రంథాలయం నుంచి యుద్ధశాస్త్ర గ్రంథాలు, హాలెక్ రాసిన పుస్తకంతో సహా, తెప్పించుకుని చదివాడు. అధ్యక్ష భవనంలో టెలిగ్రాఫ్ యంత్రం లేదు కాబట్టి పక్కనే ఉన్న యుద్ధ శాఖ కార్యాలయానికి నడిచి వెళ్ళేవాడు. అక్కడ టెలిగ్రాఫ్ గదిలో సొరుగు లాగి, రణరంగాల నుంచి వచ్చిన తంతి వార్తలను పైనుంచి ఒక్కొక్కటిగా తీసి, కిందటిసారి తాను చదివిన కాగితం చేతికి తగిలేదాకా చదివేవాడు. పెద్ద పోరాటాలు నడుస్తున్న రాత్రుళ్ళు అక్కడే ఉండిపోయేవాడు. సైనిక శిక్షణలో ఎవరికీ తీసిపోని సేనాపతి మెక్లెల్లన్ కదలకుండా సాకులు చెబుతుంటే, నీకు సైన్యం గురించి ఏం తెలుసని ఎదుటివాళ్ళు అడగగలరని తెలిసి కూడా, 1862 నవంబరులో ఆయన్ని పక్కనపెట్టాడు. తనకు కావలసిన సేనాపతి గ్రాంట్ రూపంలో దొరికేదాకా మార్చుకుంటూ పోయాడు. డేవిస్ సంగతి వేరు. యుద్ధవిద్యలో తనకు తెలియనిది లేదన్న నమ్మకంతో ఆయన సేనాపతులతో ఉత్తరాల్లో వాదులాడాడు, జాన్‌స్టన్‌తోనూ బోరిగార్డ్‌తోనూ తగవులు పెంచుకున్నాడు. నాలుగేళ్ళలో ఆయన దగ్గర, తాత్కాలికంగా కూర్చున్నవారిని వదిలేసినా, ఐదుగురు యుద్ధ మంత్రులు మారారు. ఉత్తరాదికి జనం ఎక్కువ, కర్మాగారాలు ఎక్కువ, రైలు మార్గాలు ఎక్కువ. గెలుపంతా లింకన్ చదువువల్లే వచ్చిందని నేను అనను. కానీ నాయకుడిగా ఎవరు ఎదిగారు, ఎవరు ఉన్నచోటే ఉండిపోయారు అన్న ప్రశ్నకు మాత్రం జవాబు స్పష్టంగానే ఉంది.

అసలు 'సైనిక సేవ' అనే రెండు మాటల కింద ఎన్ని రకాల జీవితాలున్నాయో చట్టం కోరేవాళ్ళు ఆలోచించినట్టు కనిపించదు. ఏ ఆధునిక సైన్యంలోనైనా శత్రువుకు ఎదురుగా నిలబడే ప్రతి మనిషి వెనకా వంటవాళ్ళు, డ్రైవర్లు, మెకానిక్కులు, గుమాస్తాలు, నర్సులు, సిగ్నల్ ఆపరేటర్లు, మా బాబాయి లాంటి స్టోరువాళ్ళు ఉంటారు. నియమం పెడితే వీళ్ళందరి సేవా లెక్కలోకి వస్తుందా, రణరంగంలో నిలిచినవాళ్ళది మాత్రమేనా? మొదటిదైతే, యుద్ధం ఖరీదు తెలిసి ఉండాలన్న అసలు ఉద్దేశమే నెరవేరదు. రెండోదైతే, ముప్పై నలభై ఏళ్ళు యుద్ధం లేకుండా గడిపిన అదృష్టవంతమైన దేశానికి నాయకులే దొరకరు.

ఇది ఊహతో చెబుతున్న మాట కాదు. మైకేల్ హొరోవిట్జ్, అలన్ స్టామ్ అనే ఇద్దరు రాజనీతి శాస్త్రవేత్తలు 1875 నుంచి 2004 దాకా ప్రపంచ దేశాల నాయకుల జీవిత వివరాలు పోగుచేసి, వారి పాలనలో జరిగిన సాయుధ ఘర్షణలతో పోల్చి చూసి, 2014లో ఫలితాలు ప్రచురించారు. ఘర్షణలు మొదలుపెట్టే అవకాశం ఎక్కువగా ఉన్నవాళ్ళలో సైన్యంలో పనిచేసి కూడా పోరాటం చూడని నాయకులు ముందున్నారని వాళ్ళు తేల్చారు. కవాతు చేశారు, ఆయుధాలు చూశారు, ఆజ్ఞలు జారీ చేయడం అలవాటైంది, కానీ శవాన్ని మోయలేదు. ఒక నిబంధన పెట్టి దేశం నిండా తయారుచేసుకునే నాయకులు శాంతికాలంలో సరిగ్గా ఈ రకంవాళ్ళే అవుతారు. అంతకుముందు 2002లో క్రిస్టఫర్ గెల్పీ, పీటర్ ఫీవర్ అమెరికా చరిత్రను మాత్రమే తీసుకుని, 1816 నుంచి 1992 దాకా పరిశీలించారు. పాలకుల్లో మాజీ సైనికుల పాలు పెరిగినకొద్దీ ఆ దేశం తానుగా సాయుధ ఘర్షణకు దిగడం తగ్గిందని వాళ్ళకు కనిపించింది. ఈ ముక్క అవతలి పక్షానికి బలమే, దాచిపెట్టను. అయితే ఒకసారి దిగాక మాత్రం అదే పాలకులు మరింత భారీగా బలప్రయోగం చేశారన్నది ఆ పరిశోధనలోని రెండో సగం. చట్టం కోరేవాళ్ళు మొదటి సగం మాత్రమే చెబుతుంటారు.

పోరాటం చూసినవాళ్ళనే తీసుకుందామన్నా, అందరికీ అది ఒకే పాఠం నేర్పదు. 1943 ఆగస్టు తొలినాళ్ళలో ఒక రాత్రి, సాలమన్ దీవుల దగ్గర, తర్వాత అమెరికా అధ్యక్షుడైన కెనెడీ నడుపుతున్న టార్పిడో పడవను జపాన్ యుద్ధనౌక ఢీకొట్టి రెండుగా చీల్చింది. పదమూడు మందిలో ఇద్దరు చనిపోయారు. ఒళ్ళు కాలి ఈదలేకపోతున్న ఒక సహచరుడి లైఫ్ జాకెట్ పట్టీని పళ్ళ మధ్య బిగించి, గంటల తరబడి ఈదుతూ, కెనెడీ అతన్ని ఒక చిన్న దీవికి చేర్చాడు. పంతొమ్మిదేళ్ళ తర్వాత, 1962 అక్టోబరులో, క్యూబాలో సోవియట్ క్షిపణులు బయటపడినప్పుడు సేనాధిపతులు కోరిన బాంబుదాడిని ఒప్పుకోకుండా సముద్ర దిగ్బంధంతో సరిపెట్టి, అణుయుద్ధాన్ని తప్పించినవాళ్ళలో ఒకడయ్యాడు. యుద్ధం చూసినవాడు కాబట్టే ఆగాడని అంటారు, కావచ్చు. కానీ ఆ చర్చల్లో ఆయనకు ఎదురుగా కూర్చున్న వాయుసేనాధిపతి కర్టిస్ లెమే చూసిన యుద్ధం తక్కువదా? రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ మీద బాంబుదాడులకు తానే ముందు విమానంలో కూర్చుని దళాన్ని నడిపించిన మనిషి అతను. ఆ లెమే దాడి చేయాల్సిందేనని పట్టుబట్టి, దిగ్బంధాన్ని 1938లో మ్యూనిక్‌లో హిట్లర్‌కు లొంగిపోవడంతో పోల్చాడు. అదే యుద్ధం, అదే చావుల జ్ఞాపకం, రెండు ఎదురెదురు తీర్పులు. ఇక ఆ హిట్లర్, మొదటి ప్రపంచ యుద్ధంలో నాలుగేళ్ళు కందకాల మధ్య వార్తలు చేరవేసిన సిపాయి; 1918లో ఐరన్ క్రాస్ మొదటి తరగతి పతకం పొందాడు, విషవాయువుతో కొన్నాళ్ళు చూపు పోగొట్టుకున్నాడు. ఏ నియమం పెట్టినా ఆ పరీక్షలో అతను మంచి మార్కులతో నెగ్గేవాడు.

నాయకుల ఇంట్లో చావు జరిగితే యుద్ధం ఆగుతుందన్న ఆశ కూడా ఈ వాదన అడుగున ఉంది. ఆ ఆశను తలచుకుంటే నాకు జాలి వేస్తుంది. బ్రిటిష్ ప్రధాని ఆస్క్విత్ పెద్దకొడుకు రేమండ్ మొదటి ప్రపంచ యుద్ధంలో, 1916 సెప్టెంబరు 15న సోమ్ రణరంగంలో చనిపోయాడు. అప్పటి యుద్ధ మంత్రివర్గంలో పనిచేసిన, తర్వాత ప్రధాని అయిన బోనార్ లా 1917లో ఇద్దరు కొడుకులను పోగొట్టుకున్నాడు. తర్వాతి రోజుల్లో ఫ్రాన్స్ అధ్యక్షుడైన పాల్ దూమేర్ నలుగురు కొడుకులు ఆ యుద్ధానికే బలయ్యారు. కడుపుకోత అంటే ఏమిటో ఈ ముగ్గురికీ ఎవరూ చెప్పనక్కరలేదు. యుద్ధం మాత్రం 1918 నవంబరు దాకా సాగింది. పోయిన బిడ్డ చావుకు అర్థం ఉండాలన్న తపన, యుద్ధాన్ని ఆపడానికి ఎంత కారణమవుతుందో కొనసాగించడానికీ అంతే కారణమవుతుందని నాకనిపిస్తుంది.

ఇంతవరకూ చెప్పినది నియమం పనికిరాదనడానికి. అది ప్రమాదకరమని ఎందుకంటున్నానంటే, సైనిక సేవ పదవికి అర్హత అయిన రోజు, ఎవరు దేశాన్ని పాలించవచ్చో తేల్చే అధికారం సైన్యం చేతికి వెళుతుంది. ఎవరిని చేర్చుకోవాలి, ఎవరిని కంటిచూపు బాగోలేదనో ఆస్తమా ఉందనో వెనక్కి పంపాలి, ఎవరికి మంచి రికార్డు రాసివ్వాలి, ఎవరిని అవమానకరంగా పంపించేయాలి, ఇవన్నీ సైనికాధికారుల నిర్ణయాలు. పౌర ప్రభుత్వం సైన్యాన్ని అదుపులో ఉంచాలన్నది ప్రజాస్వామ్యానికి ప్రాణం. ఇక్కడ అదుపులో ఉండవలసినవాళ్ళే అదుపుచేసేవాళ్ళను ఎంపిక చేస్తారు. ప్రాచీన రోములో పది సంవత్సరాల దండయాత్రల్లో పాల్గొననివాడు ఏ రాజకీయ పదవికీ అర్హుడు కాడని చరిత్రకారుడు పాలిబియస్ క్రీస్తు పూర్వం 2వ శతాబ్దంలో రాశాడు. అలా సైనికులే పాలకులైన ఆ గణతంత్రం మీదికి క్రీస్తు పూర్వం 88లో సేనాపతి సల్లా తన సేనను నడిపించాడు, 49లో సీజర్ కూడా సేనతో రూబికాన్ నది దాటి వచ్చాడు. గణతంత్రం కూలడానికి భూముల తగాదాల నుంచి సంపదల దాకా వేరే కారణాలూ ఉన్నాయి. కానీ ఎన్నాళ్ళ సైనిక సేవైనా కంచె చేను మేయకుండా ఆపలేకపోయిందన్నది కళ్ళముందున్న నిజం.

మన కాలంలోనే మయన్మార్ ఉంది. సైన్యం కనుసన్నల్లో తయారైన 2008 రాజ్యాంగంలోని 59వ సెక్షన్, దేశాధ్యక్షుడికి రాజకీయ, పరిపాలన, ఆర్థిక వ్యవహారాలతోపాటు సైనిక వ్యవహారాలు కూడా బాగా తెలిసి ఉండాలని అంటుంది. వినడానికి ఎంత సమంజసంగా ఉంది! తెలిసినట్టా కాదా అని తేల్చేది ఎవరన్న ప్రశ్న వేస్తే చాలు, ఆ వాక్యం ఎవరి కోసం రాశారో అర్థమవుతుంది. అదే రాజ్యాంగం పార్లమెంటులో నాలుగోవంతు సీట్లు సైన్యానికి కేటాయించింది. అంత చేసినా తృప్తి చెందక 2021 ఫిబ్రవరి 1న సైన్యం అధికారాన్ని మొత్తంగా లాక్కుంది. దీనికి పూర్తి ఎదురుగా అమెరికా 1947లో చేసిన చట్టం, రక్షణ మంత్రి పదవికి వచ్చే మాజీ సైనికాధికారి క్రియాశీల సేవ నుంచి దిగి కనీసం పదేళ్ళయి ఉండాలంది. 2008లో దాన్ని ఏడేళ్ళు చేశారు. 1950లో జార్జ్ మార్షల్‌కూ, 2017లో మాటిస్‌కూ, 2021లో ఆస్టిన్‌కూ ప్రత్యేక మినహాయింపు కావలసివచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం నుంచి అప్పుడే బయటపడిన దేశం, సేనాపతులంటే జనం హారతులు పట్టే రోజుల్లో, ఆ గడువు ఎందుకు పెట్టిందో మనం ఆలోచించాలి.

ప్రమాదం కుట్రలతో ఆగదు. 1982 ఏప్రిల్ 2న బ్రిటన్ పాలనలోని ఫాక్లండ్ దీవుల మీదికి సేనలను పంపిన అర్జెంటీనా పాలక మండలిలో ఉన్నది ముగ్గురే ముగ్గురు, పదాతి, నౌకా, వాయు దళాల అధిపతులు. సైనిక సేవకు అంతకంటే నిండైన ప్రాతినిధ్యం ఊహకైనా రాదు. చలికి తగిన సన్నద్ధత లేని పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ళ నిర్బంధ సైనికులను ఎందరినో వాళ్ళు ఆ దీవులకు పంపారు. జూన్ 14న లొంగిపోయేనాటికి అర్జెంటీనా వైపు 649 మంది, బ్రిటన్ వైపు 255 మంది సైనికులు చనిపోయారు. అవతలి వైపు ప్రధాని మార్గరెట్ థాచర్ ఏనాడూ యూనిఫాం వేసుకోలేదు. 1971లో పాకిస్తాన్‌ను పాలిస్తున్నది జనరల్ యాహ్యా ఖాన్. భారతదేశానికి ప్రధాని ఇందిరాగాంధీ. ఏప్రిల్‌లోనే సైన్యాన్ని కదిలించాలన్న ఆలోచన వచ్చినప్పుడు, వర్షాకాలం ముంచుకొస్తోందనీ సైన్యం సిద్ధంగా లేదనీ తాను అడ్డు చెప్పాననీ, ఆమె విని ఆగిందనీ సేనాధిపతి మానెక్‌షా తర్వాతి కాలంలో చెప్పారు. డిసెంబరు 16న ఢాకాలో దాదాపు 93 వేల మంది లొంగిపోయారు. తనకు తెలియని విషయంలో తెలిసినవాడి మాట విని ఆగడమూ, జనరల్ అయ్యుండి తన దేశాన్నే రెండు ముక్కలు చేసుకోవడమూ ఆ ఒక్క ఏడాదిలోనే జరిగాయి.

ఆ నియమం ఉంటే ఆ ఇద్దరు స్త్రీలూ ఎన్నికల్లో నిలబడేవారు కారు. అమెరికా సైన్యం పోరాట విభాగాలన్నిటినీ స్త్రీలకు తెరవాలని నిర్ణయించింది 2015లో, బ్రిటన్ 2018లో. అంటే ఇరవయ్యో శతాబ్దమంతా ఈ అర్హత మగవాళ్ళ అర్హతగానే మిగిలేది. పోలియోతో కాళ్ళు చచ్చుబడినా రెండో ప్రపంచ యుద్ధంలో తన దేశాన్ని నడిపించిన రూజ్వెల్ట్ ఏనాడూ సైనికుడు కాదు. చంపనని మనస్సాక్షిగా ప్రమాణం చేసుకున్నవాళ్ళ సంగతి చెప్పనే అక్కరలేదు. యుద్ధం మీద నిర్ణయం తీసుకునే సభలో అలాంటి మనిషి ఒక్కరైనా ఉండాలని నేను కోరుకుంటాను.

మరి గట్టున కూర్చునేవాళ్ళను ఏం చేయాలి? పదవికి ముందు వాళ్ళు ఏం చేశారన్నది వదిలేసి, పదవిలో ఉండగా ఏం చేస్తున్నారన్నదాన్ని పట్టుకోవాలని నా వాదన. వియత్నాంలో బలప్రయోగానికి అధ్యక్షుడికి అధికారమిచ్చిన టాంకిన్ గల్ఫ్ తీర్మానం 1964 ఆగస్టు 7న అమెరికా ప్రతినిధుల సభలో 416కు సున్నా ఓట్లతో, సెనేట్‌లో 88కి 2 ఓట్లతో నెగ్గింది. ఆనాటి సభ్యుల్లో ఎక్కువమంది మాజీ సైనికులే. దానితో తెరుచుకున్న దారిలో 58 వేలకు పైగా అమెరికన్లు, లక్షల సంఖ్యలో వియత్నామీయులు చనిపోయారు. ఆ సభ్యులకు యుద్ధానుభవం కొరవడలేదు. కొరవడినవి ప్రశ్నలు, గడువు, మళ్ళీ ఓటు వేయాల్సిన అవసరం. ఆ తీర్మానం ఒకసారి ఇచ్చిన ఖాళీ చెక్కులా ఏళ్ళ తరబడి చెల్లింది. జర్మనీలో రాజ్యాంగ న్యాయస్థానం 1994 జూలై 12న ఇచ్చిన తీర్పు ప్రకారం, సైన్యాన్ని విదేశాల్లో సాయుధ చర్యలకు పంపాలంటే పార్లమెంటు అనుమతి తప్పనిసరి. ఆ అనుమతిని అక్కడ సాధారణంగా ఏడాదికి మించకుండా ఇస్తారు. గడువు తీరాక మళ్ళీ చర్చ, మళ్ళీ ఓటు. యూనిఫాం వేసుకోని సభ్యుడైనా ఏడాదికోసారి లేచి నిలబడి, ఇంకా ఎందుకు పంపుతున్నామో చెప్పాలి.

2003 ఇరాక్ యుద్ధం మీద బ్రిటన్‌లో చిల్‌కాట్ విచారణ సంఘం ఏడేళ్ళు పనిచేసి 2016 జూలైలో నివేదిక ఇచ్చింది. శాంతియుత మార్గాలన్నీ అయిపోకముందే దండెత్తారని, నిఘా సమాచారాన్ని దానికి లేని నిశ్చయంతో జనం ముందు పెట్టారని, యుద్ధం తర్వాత ఏం చేయాలన్న సన్నాహం ఏమాత్రం సరిపోలేదని తేల్చింది. ఈ మూడూ పాలకులను ముందే నిలదీసి అడగవలసిన ప్రశ్నలు. ఈ సమాచారం మీకెక్కడిది, ఇందులో రుజువెంత ఊహెంత, గెలిచిన మర్నాడు నీళ్ళూ కరెంటూ ఎవరిస్తారు? ఇవి అడగడానికి తుపాకీ పట్టి ఉండనక్కరలేదు. స్టోరులో లెక్కలు రాసినవాడు అడగగలడు, ఇల్లు నడిపే గృహిణి అడగగలదు.

ఇంక మిగిలింది ఖరీదు తెలియడం. దీని మీద నేను చదివినవాటిలో నన్ను ఎక్కువ రోజులు వెంటాడింది హార్వర్డ్ న్యాయశాస్త్ర ఆచార్యుడు రోజర్ ఫిషర్ 1981లో చేసిన ప్రతిపాదన. అణ్వస్త్రాలు ప్రయోగించే రహస్య సంకేతాన్ని ఒక స్వచ్ఛంద సేవకుడి గుండె పక్కన చిన్న గొట్టంలో పెట్టి కుట్టేయాలి; అతను పెద్ద కత్తి ఒకటి చేతపట్టుకుని ఎప్పుడూ అధ్యక్షుడి వెంట ఉండాలి. లక్షల మందిని చంపాలనుకుంటే అధ్యక్షుడు ముందు ఆ ఒక్కడిని తన చేత్తో చంపి సంకేతం తీసుకోవాలి. ఇది విన్న రక్షణ శాఖ మిత్రులు, ఇంత ఘోరమా, అలా చేస్తే అధ్యక్షుడి విచక్షణే దెబ్బతింటుంది, ఆయన ఎప్పటికీ మీట నొక్కకపోవచ్చు అని భయపడ్డారని ఫిషర్ రాశాడు. ఫిషర్ స్వయంగా రెండో ప్రపంచ యుద్ధంలో వాతావరణ పరిశీలక విమానాల్లో పనిచేసి వచ్చినవాడు. అయినా నాయకుల గతంలో సైనిక సేవ ఉండాలని అతను అడగలేదు. నిర్ణయం తీసుకునే నిమిషాన చావు కళ్ళెదుట నిలబడాలని అడిగాడు.

అంత భయంకరమైనది ఎవరూ చేయరు, చేయకూడదు కూడా. నేను అడిగేది కాగితంతో అయ్యే పని. పోరాటంలో చనిపోయిన ప్రతి సైనికుడి వస్తువుల జాబితాకు, ఇంటివాళ్ళు ఒప్పుకుంటే, మూడో ప్రతి తీయాలి. దాన్ని ఆ యుద్ధానికి అనుమతిస్తూ ఓటు వేసిన ప్రతి సభ్యుడి పేరు మీద, ఆజ్ఞ మీద సంతకం పెట్టిన నాయకుడి పేరు మీద పంపాలి. కార్యదర్శి తీసుకుని సంతకం చేయడం కుదరకూడదు; ఎవరి పేరు మీద వచ్చిందో వారే చదివి, చదివినట్టు తమ చేత్తో రాసి, తేదీ వేసి తిప్పి పంపాలి. గడువు తీరి మళ్ళీ ఓటు వచ్చిన రోజు ఆ కాగితాలన్నీ సభ మధ్యలో బల్ల మీద ఉండాలి.

ఈ మధ్య బాబాయికి ఈ సంగతి చెప్పాను. ఆయన వయసిప్పుడు డెబ్బై దాటింది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మూడో ప్రతి అంటే కార్బన్ కాగితం ఇంకొకటి పెట్టాలి. కింది ప్రతిలో అక్షరం సరిగా పడదు, గట్టిగా నొక్కి రాయాలి" అన్నాడు.